జోడు చుక్కల దుమ్ము

చెప్పకూడదు, అంతే, ముఖం మామూలుగా పెట్టుకోవాలి, దుప్పట్లు తెచ్చానని చెప్పాలి, బస్సు ఆలస్యమైందని చెప్పాలి, ఎండ గురించి చెప్పాలి, ఈ సీమలో ఎండ గురించి ఎంతసేపు మాట్లాడినా ఎవరూ అనుమానించరు అనుకుంటూ నిస్సీ ఎర్రగుంట్లలో కడప బస్సెక్కి కిటికీ పక్కన కూలబడింది. ఒళ్లో దుప్పట్ల మూట, మూట మీద చేతిసంచి, సంచిలో రెండు ఫోన్లు. ఒకటి తనది. రెండోది వీరభద్ర పెద్దనాయనది, అంచులు అరిగిపోయి రబ్బరు బ్యాండుతో నిలబడిన బటన్ల ఫోను. దాని సొంతదారుడు ఈరోజు తెల్లవారుజామున బండకొట్టాలలో తన ఇంటి వసారాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పడుకుంటే ఊపిరాడదని కొన్ని నెలలుగా ఆయన కూర్చునే నిద్రపోతున్నాడు. నిన్న సాయంత్రం దుప్పట్లకని ఊరికి వచ్చిన నిస్సీని చూసి చేయి కూడా ఊపాడు. ఆయన పోయిన సంగతి కడప పెద్దాసుపత్రిలో మంచం మీదున్న నాయనకు తెలియకూడదు. "నీకు దండం పెడతా పాపా, చెప్పొద్దు," అని అమ్మ ఫోన్లో గుసగుసగా ఏడ్చింది. "డాక్టరు ఏమన్నెడో నీకు తెల్దా. గుండె మీద బరువు పడగూడదన్నెడు. మన్ను చేసినాంక నిదానంగా చెప్దాం. ఇప్పుడు చెప్తే ఈయప్ప గూడా ఆయప్ప ఎనకాలే పోతాడు." అమ్మ, రాహేలమ్మ, ఒకసారి అన్నదంటే అన్నదే. నిస్సీ సరేనంది. సరేనన్నంత సులువుగా ముఖం మాట వింటుందా అన్నదే ఇప్పుడు బాధ.

బస్సు కదిలింది. రోడ్డుకు రెండు పక్కలా నిలువుగా ఆనించిన బండల దొంతులు, కోత మిషన్ల రొద, తెల్లటి బురద పారే కాలవలు, వాటి మీద పడి కళ్లు పొడిచే ఎండ. ఈ దారిలో వేపచెట్లు కూడా పచ్చగా ఉండవు, పిండిమరలో పనిచేసేవాడి కనుబొమల్లా ఉంటాయి. చిన్నప్పుడు నాయన గని నుంచి వస్తే అట్లాగే వచ్చేవాడు, పక్కనే వీరభద్ర పెద్దనాయన, ఇద్దరిలో ఎవరు ఎవరో గడప దాకా వస్తేగానీ తెలిసేది కాదు. నాయన ఆదివారం తప్పకుండా గుడికి, అంటే చర్చికి, పోయే మనిషి. పెద్దనాయన మెడలో లింగకాయ ఉన్న మనిషి. దుమ్ము మాత్రం ఇద్దరినీ ఒక్క కులం చేసి పంపేది. "చూడప్పా, నువ్వు పూసుకునేది చాలక రోజూ నాకు గూడా విభూతి పూస్తాండావు, మా పాస్టరయ్య చూస్తే ఏమనుకుంటాడు?" అని నాయన నుదురు తుడుచుకునేవాడు. "మీ ఏసుసామి మాత్రం రాయి దొర్లించినాంకనే గదప్పా బయటికొచ్చింది. ఆ రాయి తీసిన జోడు ఎవురో మీ పాస్టరయ్యను అడిగి రాపో, కూలి ఎంతిచ్చినారో గూడా అడుగు," అనేవాడు పెద్దనాయన. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. అప్పట్లో నవ్వు వెనక దగ్గు వచ్చేది కాదు.

జోడు. బండ పనిలో జోడంటే మొగుడూ పెళ్లాల కంటే గట్టిదని పెద్దనాయన భార్య హంపమ్మ పెద్దమ్మ మూతి తిప్పేది, సగం కోపంగా, సగం మురిపెంగా. ఒకడు కూర్చుని ఉలి పట్టాలి, ఒకడు నిలబడి సమ్మెట వేయాలి. ఉలి పట్టినవాడు సమ్మెట వైపు చూడకూడదు, చూస్తే చేయి వణుకుతుంది, కన్ను గీత మీదే ఉండాలి. ఉలిని గీత మీద నిలిపి "హూఁ" అనాలి. ఆ తర్వాతే సమ్మెట దిగుతుంది. ఉలి నాయనది, సమ్మెట వీరభద్రది. నిస్సీ అన్నం క్యారియరు పట్టుకుని గని అంచున నిలబడి ఎన్నిసార్లు విన్నదో, హూఁ, ఠంగు, హూఁ, ఠంగు, ఆ చప్పుడుకే నడక కలిపి గంతులేసుకుంటూ ఇంటికి పోయేది. నాయన అరచేయి మొరటు, తల నిమిరితే వెంట్రుకలు చిక్కుకునేవి. కానీ పది వేళ్లూ పది వేళ్లలాగే ఉన్నాయి, ఒక్క గోరూ చితకలేదు. ఆ గనిలో ఉలి పట్టినవాళ్లలో ఇంకెవరి చేతులూ అట్లా లేవు. నాయనను చూసి ఊళ్లో అందరూ దాసన్న అదృష్టమనేవాళ్లు. అదృష్టమా నా తలకాయా, వీరభద్ర ఓపిక అనేది నాయనే.

ముక్కుకు తువాలు కట్టుకోండి నాయనా అని కాలేజీ నుంచి వచ్చిన ప్రతిసారీ పోరుపెట్టేది. కట్టుకునేవాళ్లు, తను రోడ్డు మలుపు తిరిగేదాకా. తువాలు కట్టుకుంటే "హూఁ" వినపడదంట. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, నవ్వాలో ఏడవాలో తెలియక తనూ ఒకసారి నవ్వేసింది. ముందు పెద్దనాయనకు దగ్గు మొదలైంది, తర్వాత నాయనకు. ముందు క్షయ అన్నారు, తర్వాత కాదన్నారు, రాతిదుమ్ము అన్నారు, ఊపిరితిత్తుల్లో చేరింది ఇక బయటికి రాదన్నారు. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూపించారు. నల్లటి దాని నిండా చిన్న చిన్న తెల్లటి చుక్కలు. నిస్సీ ఆ ఫిల్ము చేతిలోకి తీసుకుని చూసింది. రోజూ బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చుని తను చూసే ఆకాశం అచ్చం అట్లాగే ఉంటుంది.

తను చేసేది చచ్చిపోతున్న నక్షత్రాల పని. ముసలి నక్షత్రం ఉబ్బుతుంది, ఉబ్బి ఉబ్బి పై పొరలన్నీ వదిలేస్తుంది, వదిలిన వాయువు చల్లారుతూ దుమ్మవుతుంది, ఆ దుమ్ములో నక్షత్రమే మునిగిపోతుంది. మామూలు వెలుగులో చూస్తే ఏముంది, మసక. కానీ దుమ్ము లోపలి వేడిని తాగి, తను కూడా కాస్త వెచ్చబడి, కంటికి ఆనని వెలుగుగా ఆ వేడిని మళ్లీ వదులుతుంది. పరారుణం. పుస్తకంలో ఈ మాట చదివిన రోజున నిస్సీకి కొత్తగా ఏమీ అనిపించలేదు. వేసవిలో మిద్దె మీద పరిచిన నాపబండలు పొద్దు పోయినాక కూడా ఎంతసేపు వీపు కాల్చేవి! నీళ్లు చల్లితే చుయ్యిమనేవి. "పొద్దు మర్చిపోయినా బండ మర్చిపోదు పాపా," అని నాయన చాప కింద గోనెసంచి పరిచేవాడు. ఆ బండ చూపించే వేడినే తను ఇప్పుడు టెలిస్కోపుతో చూస్తోంది, అంతే తేడా. ఆ వేడిని రంగురంగులుగా విడదీస్తే దుమ్ము దేనితో అయిందో కూడా తెలుస్తుంది. చాలావాటిలో ఉండేది ఇసుకకూ రాళ్లకూ చుట్టమే. అదే జాతి దుమ్ము నాయన రొమ్ములో. అక్కడి దుమ్ము మీద తను పేపర్లు రాస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఇక్కడి దుమ్మును ఒక్క రేణువు బయటికి తీయలేదు. ఏం చదువే నిస్సీ ఇది, ఎవరికి పనికొచ్చే చదువు అని ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తనను తానే తిట్టుకుంది.

కండక్టరు టికెట్టు ఇచ్చి పోయాడు. పక్క సీట్లో ముసలావిడ కాళ్ల మధ్య చీనీకాయల బుట్ట పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. కమలాపురం దాటింది, పాపాఘ్ని వంతెన వచ్చింది, ఏట్లో నీళ్లు లేవు, ఇసుక, మధ్యలో ఎవరో తవ్వుకున్న చెలమ. మన్ను. సాయంత్రం పొద్దుగూకే లోపల పూడ్చి మన్ను చేస్తారు. పెద్దనాయన వాళ్లలో కూర్చోబెట్టి మన్ను చేస్తారు, మనిషి కూర్చునే పోయాడు కాబట్టి పని తేలికైందని ఎవరో అంటే హంపమ్మ పెద్దమ్మ ఆ మనిషిని కళ్లతోనే కాల్చింది. బండకొట్టాల గని పనివాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. జోడులో ఒకడు పోతే మొదటి పిడికెడు మన్ను రెండోవాడిది. కొడుకులు, తమ్ముళ్లు, అందరూ ఆ తర్వాతే. ఈ మన్ను గురించి ఇద్దరూ ఎన్ని సరసాలాడేవాళ్లో. "నువ్వు ముందు పోతే నీకు రెండు పిడికిళ్లు యేస్తాలేప్పా, లేసి రాకుండా," అని నాయన, "మీ వాళ్లు పాటలు పాడి పాడి ఎప్పుడో పొద్దుపోయినాంక మన్నేస్తారు, ఆకిలయితాది, నువ్వే ఎనక పో," అని పెద్దనాయన. ఇప్పుడు ఆ పిడికెడు ఎవరేస్తారు? నాయన ఆసుపత్రిలో, ఏమీ తెలియకుండా, తను తీసుకుపోయే దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఆ పిడికెడు ఎవరిది? పెద్దమ్మను అడిగింది తను, ధైర్యం చేసి. "ఈయన ఎట్లా పాయె," అన్నది పెద్దమ్మ. "ఆయప్పనన్నా ఉండనీ. మన్ను సంగతి నేను చెప్పుకుంటాలే ఈయనకు."

ఆమె చెప్పుకుంటుందంట. నాయనకు ఎవరు చెప్పాలి? మూడు రోజుల తర్వాతా, పెద్దదినం అయినాకనా? మన్ను చేసేశాం నాయనా, నీకు చెప్పలేదు, నీ మంచికే. ఆ మాట అంటే నాయన ఏమంటాడు? ఏమీ అనడు. అదే భయం. నాయన కోప్పడితే తట్టుకోవచ్చు, గమ్మున గోడ వైపు తిరిగి పడుకుంటే తట్టుకోలేదు. చెప్తే ఇప్పుడే పోతాడేమో. చెప్పకపోతే ఉంటాడు, ఉండి ఏం చేస్తాడు? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇదే. బస్సు ఇంకాస్త నిదానంగా పోతే బాగుండును, ఎప్పుడూ నిదానంగా పోయే బస్సు ఈరోజే రెక్కలు కట్టుకుని పోతోంది.

పొద్దున చేసిన పని ఒక్కటే కాస్త ధైర్యం. ఇద్దరికీ జబ్బు ముదిరినాక మాట్లాడుకోవడం మానేశారు, మాట్లాడితే ఊపిరి ఖర్చు. బదులుగా పొద్దున్నే మిస్డ్ కాల్. నాయన ఒక్క రింగిచ్చి పెట్టేస్తాడు, అటు నుంచి ఒక్క రింగు తిరిగొస్తుంది. ఉండా. నేనూ ఉండా. అంతే దాని అర్థం. వార్డులో నర్సమ్మలు కూడా నవ్వుకునేవాళ్లు, మీ ఆయన గారికి లవ్వరు ఫోను వచ్చిందమ్మా అని అమ్మను ఆటపట్టించేవాళ్లు. ఈ పొద్దున వసారా నిండా ఏడుపులు, పీట మీద ఆ ఫోను ఒంటరిగా. నిస్సీ టైము చూసుకుంది. వార్డులో టీలు వచ్చే వేళవుతోంది, రింగు పోకపోతే నాయన పసిగడతాడు. ఇంకేమీ ఆలోచించకుండా ఫోను తీసుకుని నాయన నంబరు నొక్కి ఒక్క రింగు పోగానే కట్ చేసింది. పెద్దనాయన కోడలు మహేశ్వరి కళ్లు తుడుచుకుంటూ చూసి, "భలే తెలివి అక్కా నీది, మాకెవురికీ తట్టనే లేదు," అంది. అటు నుంచి మళ్లీ రింగు రాలేదు. ఎందుకొస్తుంది, నాయన చూసుకుని నెమ్మదించి ఉంటాడు అనుకుంది. రేపటికీ ఎల్లుండికీ కూడా పనికొస్తుందని పెద్దమ్మను అడిగి ఫోను సంచిలో వేసుకుంది. చచ్చిపోయిన మనిషి చేత ఉన్నానని చెప్పించడం పాపమా? పాపమే అయి ఉండాలి. ఒడిలో సంచి బరువుగా ఉంది, బటన్ల ఫోను అంత బరువెట్లా ఉంటుంది.

పోయిన వేసవిలో, నాయన ఇంకా ఇంటి దగ్గరే ఉన్నప్పుడు, ఇద్దరూ అరుగు మీద కూర్చుని తనను అడిగారు, అసలు నువ్వు చూసేదేందో మాకు చెప్పు అని. చెప్పింది. ఒంటరి చుక్క చచ్చిపోతే అది వదిలిన దుమ్ము తలా ఒక దిక్కుకు కొట్టుకుపోతుంది. అదే జోడు చుక్కయితే, దుమ్ము ఎటూ పోనివ్వకుండా రెండోది దాన్ని తిప్పి పడుతుంది, దుమ్ము ఇద్దరి చుట్టూ పళ్లెంలా నిలబడిపోతుంది, ఎన్నో వేల ఏళ్లు నిలబడుతుంది. "ఆ రెండోది కనపడతాదా?" అని అడిగాడు నాయన. కనపడదు, మొదటిదాని వెలుగులో మునిగిపోయి ఉంటుంది, మొదటిది ఒక లెక్కలో ముందుకూ వెనక్కూ ఊగుతుంటే దాన్ని బట్టి రెండోది ఉందని తెలుసుకుంటాం అని చెప్పింది. పెద్దనాయన దగ్గుతూనే నవ్వాడు. "చచ్చే చుక్కలు, సుట్టూ దుమ్ము, పక్కన ఒగ జోడుగాడు. దీన్ని చూసేదానికి బెంగళూరు యాలమ్మా పోయినావు, ఈ అరుగు మీద చూస్తే స్కాలర్‌షిప్పు ఇయ్యరా?" అన్నాడు. ఆ నవ్వుకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఆయన వీపు నిమరడానికి నాయన లేచి, నాయనకూ దగ్గొచ్చి, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగుతుంటే నిస్సీ నీళ్ల చెంబు ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయింది.

"యాడికి పాపా?" ముసలావిడ కళ్లు తెరిచింది.

"కడపకవ్వా. పెద్దాసుపత్రికి. మా నాయనకు బాగలేదు."

"ఏడుస్తాండావే," అని ఆవిడ బుట్టలోంచి ఒక చీనీకాయ తీసి దుప్పట్ల మూట మీద పెట్టింది. "రసం తీసియ్యి. కారంగా ఏమీ పెట్టొద్దు." ఇంకేమీ అడగకుండా మళ్లీ కళ్లు మూసుకుంది.

ఏడుస్తున్నట్టు తనకే తెలియదు. ముఖం తుడుచుకుంది. ఇట్లాంటి ముఖంతో వార్డులోకి పోతే అయినట్టే. వేరే ఏదైనా తలుచుకోవాలి, పని తలుచుకోవాలి. పనిలోనూ పోయిన నెల తప్పే. పరారుణంలో చూసేటప్పుడు ఆకాశం కూడా వేడే, అద్దం కూడా వేడే, అన్నీ మెరుస్తాయి, అందుకని నక్షత్రాన్ని ఒకసారి, పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని ఒకసారి చూసి, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేయాలి. తను ఖాళీ అనుకుని ఎంచుకున్న చోటే నక్షత్రం వదిలిన పలచటి వాయువు పరుచుకుని ఉంది. ఉన్నదాన్ని ఖాళీ అనుకుని తీసేసింది, తీసేసి, ఈ చుక్క చుట్టూ దూరాన ఏమీ లేదని రాసింది. గైడు మేడమ్ చూసి నవ్వి, "ఈ పని చేసేవాళ్లందరూ ఒకసారి ఈ గుంటలో పడతారమ్మా, ఖాళీగా ఉందని అనుకునే ముందు అక్కడ కూడా ఒకసారి చూడాలి," అంది. మళ్లీ చేసింది. పళ్లెం కనపడింది, తను అనుకున్నదానికంటే ఎంతో వెడల్పుగా. ఎందుకిప్పుడు ఇది గుర్తొచ్చిందో. పొద్దున ఏదో చూడకుండా వదిలేసినట్టు లోపల ఒకటే కెలుకుతోంది. రింగు ఒకటే ఇచ్చింది గదా. సరైన వేళకే ఇచ్చింది గదా. మరింకేంటి? అంతలో బస్సు కడప ఊళ్లోకి దిగింది, ఆటోల హారన్లు, చెరుకురసం బండ్లు, జనం, ముసలావిడ బుట్ట ఎత్తమని చేయి చాపింది. ఎత్తింది. చెప్పకూడదు, అంతే.

వార్డు గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. అమ్మ ముఖంలో భయం. "పొద్దున టీ గూడా తాగలే," అని చెవిలో చెప్పింది. "తెల్ల చొక్కా యేసియ్యమన్నెడు. యాడికంటే చెప్పడు. పాప రానీ, పాప రానీ అంటాడు. నేనేమీ చెప్పలేదమ్మా, ఒట్టు."

నాయన పడుకుని లేడు, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం, ఒంటిమీద ఆదివారం గుడికి వేసుకునే తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. నిస్సీ మూట కింద పెట్టింది. "బస్సు లేటయింది నాయనా. బయట ఎండ చూడాల, నిప్పులే..." అని మొదలుపెట్టింది. నాయన ఆ మాటలు పూర్తిగా విన్నాడు. దిండు కింద నుంచి తన ఫోను తీశాడు. బొటనవేలితో వెతుక్కుని ఒక బటను నొక్కాడు.

నిస్సీ చేతిసంచి మోగింది.

దాన్ని మూగబెట్టాలని తనకు తట్టనే లేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిస్సీ చేయి సంచి మీదికి పోయింది.

"ఎత్తొద్దు," అన్నాడు నాయన.

రోజూ ఒక్క రింగుకే పెట్టేసేవాడు. ఈరోజు పెట్టలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అది తనంత తాను మోగి మోగి ఆగేదాకా విన్నాడు. పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు. సంచి ఊరకుంది.

"పొద్దున నేనింగ హూఁ అన్లేదు పాపా," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తెచ్చుకుంటూ. "నేను నొక్కకముందే ఆడినుంచి వచ్చె. ఇన్నేండ్లలో నేను హూఁ అనకుండా వీరభద్ర సమ్మెట దించినోడు గాదు. ఫోన్లో గూడా అంతే. అది వాడు గాదని అప్పుడే తెల్సె."

"నేనే నాయనా." నిస్సీ మంచం పక్కన నేల మీద కూలబడి ఆయన మోకాళ్ల మీద తల పెట్టేసింది. "నీకు తెలియకూడదని నేనే చేసినా."

"తెల్సులే. నా కోసమే గదా." మొరటు అరచేయి తల మీద పడింది, వెంట్రుకలు చిక్కుకున్నాయి. "మన్నెప్పుడు?"

"పొద్దుగూకే లోపల."

"టైముండాది. డాక్టరును ఆ గాలిబుడ్డి అడుగు పో. ఇయ్యనంటే అది లేకుండానే పోదాం. పిడికెడు నాది."

అమ్మ వద్దనలేదు. దండం పెట్టి చెప్పొద్దన్న మనిషి, మంచం కింద వంగి ఆయన చెప్పులు వెతికి కాళ్ల ముందు పెట్టింది. డాక్టరు మొదట కుదరదన్నాడు, తర్వాత ఆ తెల్ల చొక్కా వైపు కాసేపు చూసి, చిన్న సిలిండరు ఇప్పించాడు, తోడుగా ఒక నర్సును పంపుతానన్నాడు, చీకటిపడే లోపల తిరిగి తీసుకురమ్మన్నాడు. కింద బండి వచ్చి ఆగింది. నిస్సీ ఒక చేత్తో నాయన మణికట్టు పట్టుకుని, రెండో చేయి ఆయన చంక కింద పెట్టి, లేపబోయి, ఆగింది. ఆయన ఊపిరి కూడదీసుకునేదాకా ఆగింది.

"హూఁ," అన్నాడు నాయన.